వాడను తుఫానుకు సిద్ధం చేయడం: నా అనుభవం

తుఫాను శిక్షణ అనగానే కుర్రాళ్లు లైఫ్ జాకెట్లూ తాళ్లూ చూద్దామని వస్తారు. అవి చివరి పూట చూపిస్తాం. అంతకుముందు సమయమంతా కాగితం మీదే పోతుంది. ఏ ఇంట్లో ఎవరున్నారు, వాళ్లలో తమంతట తాము కదల్లేనివాళ్లెవరు, వాళ్లను కదిలించే బాధ్యత ఎవరిది, ఆ మనిషి ఆ రోజు ఊళ్లో లేకపోతే ఇంకెవరిది అన్నవి తేలాలి. దివిసీమ వైపు తీరగ్రామాల్లో ఈ పని చేయిస్తూ వచ్చాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది: నీళ్లలో పడ్డ మనిషిని లాగడం బాగా నేర్చిన ఊరి కంటే, ముందు రోజు పొద్దుగూకేలోపే అందరినీ మెరకకు చేర్చగలిగిన ఊరు ఎక్కువ మందిని కాపాడుకుంటుంది.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. 1977 నవంబరు 19 ఉప్పెనలో దాదాపు 10,000 మంది పోయారు. 1990 మే 9న అదే తీరం మీద మరో పెద్ద తుఫాను విరుచుకుపడింది. అప్పటికి ముందస్తు హెచ్చరిక వ్యవస్థ మెరుగుపడింది, లక్షల మందిని ముందే తరలించారు, మృతుల సంఖ్య వెయ్యి లోపు ఆగింది. వెయ్యి కూడా చిన్న సంఖ్యేం కాదు. కానీ తేడా తెచ్చింది తరలింపే.

శిక్షణ ఎప్పుడు పెట్టాలన్నది మొదటి చిక్కు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. మత్స్యకారులు ఇళ్ల దగ్గర ఉండేది అప్పుడే, కాబట్టి అసలు శిక్షణ ఆ రోజుల్లో పెడతాం. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుఫానుల కాలం గనక సెప్టెంబరులో, నాట్లు అయిపోయాక, ఒక్క పూట పాతది గుర్తుచేస్తాం. వాడకు పాతికముప్పై మంది చాలు, అందులో సగం ఆడవాళ్లు ఉండాలి. మర్యాద కోసం చెప్పే మాట కాదిది. పగటిపూట మగవాళ్లు వేటకో, చెరువుల మీదికో, విజయవాడకో పోయి ఉంటారు. హెచ్చరిక వచ్చిన ఘడియకు వీధిలో ఉండేది డ్వాక్రా సంఘాల ఆడవాళ్లు, అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త. జట్లు వాళ్లతో కట్టకపోతే ఆ జట్లు కాగితం మీదే ఉంటాయి. సమయం రాత్రి 7 తర్వాత. మధ్యాహ్నం పెడితే వచ్చేది సచివాలయం సిబ్బంది మాత్రమే.

ముగ్గుపిండి పటం

గుడి ముందో చర్చి ఆవరణలోనో శుభ్రంగా ఊడ్చిన నేల మీద ఊరి పటం గీయిస్తాం. సామాన్లు ముగ్గుపిండి, పసుపు, ఇటుక పొడి, బొగ్గు, నాలుగు వేపరెమ్మలు. మొదట సముద్రం, కరకట్ట, మురుగు కాలువ, లాకులు. తర్వాత రోడ్లు. ఇళ్లు ఆఖరున. ఈ వరస తప్పితే పటం రోడ్డు చుట్టూ తిరుగుతుంది, నీళ్ల దారి కనిపించదు.

ముగ్గుపిండి ఎవరి చేతికిచ్చామన్నదాన్ని బట్టి పటం మారిపోతుంది. సర్పంచి గారికో మాస్టారికో ఇస్తే ఊరి నడిమి వీధులు చక్కగా వస్తాయి, శివారు పేటలు నాలుగు చుక్కలై మిగులుతాయి. అందుకే శివారు వాడ ఆడవాళ్లకే ముందు ఇస్తాం. వాళ్లు గీసేదాంట్లో ఏ దారిలో మోకాలి లోతు బురద ఉంటుందో, ఏ కల్వర్టు మీదుగా నీళ్లు పొర్లుతాయో వచ్చేస్తుంది. 1977 చూసిన పెద్దవాళ్లెవరైనా ఉంటే నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఇటుక పొడితో గీత గీయిస్తాం. ఆ గీత చూశాక మాకు మెరక ఉందిలే అనే వాదన సగం తగ్గుతుంది.

డెల్టాలో నీళ్లు సముద్రం నుంచే వస్తాయని అనుకోకూడదు. తుఫానుకు సముద్రం లేచి ఉన్నప్పుడు మురుగు కాలువల నీళ్లు బయటికి పోవు, వెనక్కి తన్నుతాయి. పోటు సమయం కూడా కలిస్తే ఇంకా ఎక్కువ. కరకట్టకు మూడు నాలుగు కిలోమీటర్లు లోపలున్న పల్లపు వాడ మునిగేది ఇలాగే. పటంలో డ్రైన్లను బొగ్గుతో విడిగా గీయించేది అందుకే. పటం పూర్తవగానే ఫోటో తీసి అదే పూట చార్టు మీదికి ఎక్కించాలి. తెల్లారేసరికి కోళ్లు సగం పటాన్ని గీకేస్తాయి.

ఇంటింటి జాబితా

ఇక్కడ తొందరపడకూడదు. రేషన్ కార్డుల జాబితా తెచ్చి పని అయిపోయిందనుకోవడం అన్ని ఊళ్లలోనూ జరిగేదే. కార్డులో ఉన్న కొడుకు హైదరాబాదులో ఉంటాడు, కార్డులో లేని మేనత్త వసారాలో మంచం మీద ఉంటుంది. రొయ్యల చెరువుల కాపలాకు బయటి నుంచి వచ్చిన కుటుంబాలు గట్టు మీద పాకల్లో ఉంటాయి. కాలువ గట్ల మీద యానాది కుటుంబాలు, బాతులు మేపుకుంటూ వచ్చినవాళ్లు, ఇటుక బట్టీల దగ్గరివాళ్లు ఏ జాబితాలోనూ ఉండరు. ప్రమాదం మొదట తాకేది వాళ్లనే. వాళ్లకు విడిగా ఒక పేజీ కేటాయించి, ఆ చెరువు యజమానినో బట్టీ యజమానినో బాధ్యుడిగా రాయిస్తాం, ఫోన్ నంబరుతో సహా.

ఒక్కో ఇంటికి రాయాల్సినవి ఇవి. రాత్రి పడుకునే మనుషులు ఎందరు (పగటి లెక్క వేరు, రాత్రి లెక్కే కావాలి). ఇల్లు పూరిల్లా, పెంకుటిల్లా, రేకులా, డాబానా. గర్భిణి ఉంటే ఎన్నో నెల. రెండేళ్ల లోపు పిల్లలు. మంచం పట్టినవాళ్లు, చూపు, వినికిడి లేనివాళ్లు. డయాలసిస్, ఇన్సులిన్, మూర్ఛ, ఆక్సిజన్ వంటి ఆగకూడని వైద్యం. పశువులెన్ని. ఎక్కడికి వెళ్తారు: తుఫాను షెల్టరుకా, బడికా, మెరక మీద చుట్టాల డాబాకా. చివరి రెండు గడులు ముఖ్యం: తీసుకెళ్లే మనిషి, ఆ మనిషి లేనప్పుడు రెండో మనిషి. ఈ ఇద్దరూ ఒకే పడవలో వేటకు పోయేవాళ్లు కాకూడదు. అన్నదమ్ములను రాయిస్తే సరిగ్గా అదే జరుగుతుంది.

నెలలు నిండిన గర్భిణులనూ, డయాలసిస్ రోగులనూ షెల్టరు లెక్కలో వేయకూడదు. తుఫాను తీరం దాటడానికి రెండు రోజుల ముందే ఆసుపత్రి ఉన్న ఊరికి పంపేయాలి. గాలి మొదలయ్యాక చెట్లు పడి రోడ్డు మూసుకుపోతుంది, 108 కూడా రాలేదు. ఇన్సులిన్ వాడేవాళ్లు దాన్ని చిన్న మట్టికుండలో, చుట్టూ తడిగుడ్డ చుట్టి, తమతోనే తెచ్చుకోవాలని ముందే చెబుతాం. కరెంటు పోయిన ఫ్రిజ్‌ను నమ్ముకోకూడదు.

జాబితా మూడు ప్రతులు చేయాలి: ఒకటి సచివాలయంలో, ఒకటి షెల్టరులో, ఒకటి వాడ బాధ్యురాలి దగ్గర ప్లాస్టిక్ కవరులో. ఫోన్‌లో మాత్రమే ఉంచుకుంటే ఛార్జింగ్‌తో పాటే జాబితా కూడా పోతుంది. ఏడాదికి రెండుసార్లు సరిచూడకపోతే చనిపోయినవాళ్ల పేర్లు ఉంటాయి, కొత్తగా కాపురానికి వచ్చినవాళ్ల పేర్లు ఉండవు.

హెచ్చరికను చదవడం

వాతావరణ శాఖ నాలుగు దశల్లో చెబుతుంది. 72 గంటల ముందు తుఫాను సూచన, తీరంలో ప్రతికూల వాతావరణానికి కనీసం 48 గంటల ముందు పసుపు రంగుతో అప్రమత్తత, 24 గంటల ముందు నారింజ రంగు హెచ్చరిక, తీరం దాటడానికి కనీసం 12 గంటల ముందు ఎరుపు రంగుతో, దాటాక పరిస్థితి ఎలా ఉంటుందన్న అంచనా. శిక్షణలో ఒక్కో దశకు ఒక్కో పని కడతాం. 72 దగ్గర జాబితా తీసి పేర్లు సరిచూడటం, వేటకెళ్లినవాళ్లకు కబురు. 48 దగ్గర షెల్టరు తాళం తీయడం, ట్యాంకు నింపడం, గర్భిణులనూ రోగులనూ పంపడం. 24 దగ్గర పూరిళ్లు, పల్లపు వాడలు ఖాళీ. 12 దగ్గర కొత్త పని ఏదీ ఉండకూడదు, తలుపులు వేసి మనుషులను లెక్కపెట్టడమే.

జనం తప్పుగా అర్థం చేసుకునేవి మూడున్నాయి. మొదటిది, తీరం దాటే సమయాన్ని గడువుగా తీసుకోవడం. రాత్రి పదకొండుకు దాటుతుందంటే తొమ్మిదింటికి బయల్దేరదామనుకుంటారు. తీరం దాటడానికి చాలా గంటల ముందే గాలి తుఫాను స్థాయికి, అంటే గంటకు 62 కిలోమీటర్లు దాటేంతకు చేరుతుంది. అప్పుడు పిల్లలను, ముసలివాళ్లను నడిపించడం కుదరదు, రేకులు ఎగురుతాయి. అందుకే గడువు చీకటి పడేలోపు అని తేల్చి చెబుతాం, తుఫాను అర్ధరాత్రి దాటినా సరే.

రెండోది ఓడరేవు సూచికలు. బందరులో 8వ నంబరు ఎగరేశారట, 10 వస్తే వెళ్దాం అంటారు. ఆ నంబర్లు ఓడల కోసం. 8, 9, 10 మూడూ పెనుప్రమాద సూచికలే. తుఫాను రేవుకు ఏ పక్కగా దాటుతుందో, రేవు మీదుగానే దాటుతుందో చెప్పేవే తప్ప 10 అంటే 8 కంటే బలమైన గాలి అని కాదు. 11 అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని.

మూడోది చాలా ప్రమాదకరం: మనకు దక్షిణంగా దాటుతోంది, మనకేం ఫర్వాలేదు అనుకోవడం. మన తీరానికి తూర్పు నుంచి వచ్చే తుఫానుకు కుడి పక్క, అంటే ఉత్తరం వైపు, గాలి సముద్రం నుంచి భూమి మీదికి కొడుతుంది. ఉప్పెన లేచేది ఆ పక్కనే. 1977 తుఫాను చీరాల దగ్గర తీరం దాటింది, ఉప్పెన దివిసీమను ముంచింది. పటం మీద ఒక చెంబు పెట్టి, అపసవ్య దిశలో చెయ్యి తిప్పి చూపిస్తే పిల్లలకు కూడా అర్థమవుతుంది. తుఫాను కన్ను నేరుగా మీదుగా వెళ్తే మధ్యలో గాలి ఆగిపోతుందనీ, కొంతసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ మొదలవుతుందనీ కూడా అప్పుడే చెబుతాం. ఆ విరామంలో పశువులను చూసొద్దామని బయటికి వెళ్లినవాళ్లే దెబ్బతింటారు.

కబురు చేరవేసే జట్టుకు నేర్పాల్సింది గట్టిగా అరవడం కాదు, ఒకే మాట చెప్పడం. నాలుగు వాక్యాలు కాగితం మీద రాసిస్తాం: ఏం వస్తోంది, ఎప్పటికి, ఎవరు కదలాలి, ఎక్కడికి. గుడి, మసీదు, చర్చి మైకులు మూడింటిలోనూ అవే నాలుగు వాక్యాలు చదవాలి. మైకు కరెంటు మీదే నడుస్తుందా, బ్యాటరీ ఉందా అన్నది శిక్షణ రోజే మెయిన్ ఆపి చూడాలి. డప్పు దండోరాను పాత పద్ధతని తీసేయకండి. వానలో కూడా వినబడుతుంది, ఛార్జింగ్ అక్కర్లేదు. ఫోన్‌లో ప్రభుత్వ విపత్తు హెచ్చరికలు వచ్చే సచేత్ యాప్ పెట్టిస్తాం. 1070 రాష్ట్ర కంట్రోల్ రూమ్, 1077 జిల్లా, 112 అత్యవసరం అని తలుపు వెనక సుద్దముక్కతో రాయిస్తాం.

ఇంటి పనులు

సంచి గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే. ఆధార్, పాసు పుస్తకం, భూమి కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు రెండు పాలిథిన్ కవర్లలో ఒకదానిలో ఒకటి పెట్టి మూతి మడిచి కట్టాలి. వారం మందులు, టార్చి, విజిల్, అటుకులు, బెల్లం, వేరుశనగలు, ఆడవాళ్లకు ప్యాడ్లు, ఒక జత బట్టలు. తాగడానికీ వంటకూ మనిషికి రోజుకు 3 నుంచి 4 లీటర్ల నీళ్లు. సంచి బరువు ఒక చేత్తో మోయగలిగేంతే ఉండాలి, రెండో చేతిలో పిల్లాడు ఉంటాడు.

చాలామందికి తెలియనిది గ్యాస్ సిలిండర్ సంగతి. నిండు సిలిండర్ బరువు గనక మునిగి కింద ఉంటుందనుకుంటారు. 14.2 కిలోల సిలిండర్ లోపలి పరిమాణం 33 లీటర్ల పైచిలుకు. ఖాళీ డబ్బా బరువు సుమారు 15, 16 కిలోలు, గ్యాస్‌తో కలిపితే 30 అటూ ఇటూ. అంటే నిండుగా ఉన్నా తేలుతుంది. రెగ్యులేటర్ తీయకుండా వదిలేస్తే నీటి తాకిడికి గొట్టం ఊడి గ్యాస్ కారుతుంది. రెగ్యులేటర్ తీసి, మూత బిగించి, కిటికీ ఊచకు నిలువుగా తాడుతో కట్టేయాలి. కరెంటు మెయిన్ ఆపడం అందరికీ గుర్తుంటుంది, ఇన్వర్టర్ ఆపడం గుర్తుండదు. నీళ్లు చేరిన ఇంట్లో దానితోనూ షాక్ కొడుతుంది.

పశువుల పలుపులు విప్పేయాలి. కట్టేసిన గేదె ఉన్నచోటే మునుగుతుంది, విప్పితే మెరక వెతుక్కుంటుంది. యజమానులు దీనికి ఒప్పుకోవడం కష్టం, కలిసిపోతాయనీ దొంగలు తోలుకుపోతారనీ. కొమ్ములకు వాడకో రంగు పూయడం అనే చిన్న ఏర్పాటుతో చాలామంది దారికొస్తారు.

రామంటే రామని కూర్చునేవాళ్ల దగ్గరా సంగతి ఇదే. "మామ్మగారూ, ప్రాణం ముఖ్యమండీ" అంటే కదలరు. ఆవిడ భయం ప్రాణం గురించి కాదు, ట్రంకుపెట్టె గురించి. ఇంటికి తాళం వేయించి, ట్రంకును అటక మీదికి ఎక్కించి, మనవడు ముందే షెల్టరులో ఉన్నాడని చూపిస్తే కదులుతారు. ఆడవాళ్లు వెనకాడితే ఎక్కువసార్లు కారణం షెల్టరులో మరుగుదొడ్డికి గడియ లేకపోవడం.

షెల్టరు

తాళం ఒకరి దగ్గరే ఉంటుంది, ఆయన ఆ రోజు బందరులో ఉంటాడు. నవ్వులాటగా అంటున్నా, ప్రతి తీరగ్రామంలోనూ ఎప్పుడో ఒకప్పుడు ఇది జరిగే ఉంటుంది. మూడు తాళంచెవులు, ముగ్గురు మనుషులు, అందులో ఒకరు భవనానికి కూతవేటు దూరంలో ఉండేవాళ్లు. ఇక లోపల ధాన్యం బస్తాలు, విరిగిన బల్లలు ఉంటే శిక్షణ రోజునే బయట పెట్టించాలి. స్తంభాల మీద కట్టిన షెల్టర్లలో కింది భాగం ఖాళీగా వదిలింది ఉప్పెన నీరు పోవడానికి. అక్కడ గడ్డివాములు వేస్తే నీళ్లకు అడ్డమై భవనం మీద ఒత్తిడి పెరుగుతుంది.

ఎంతమంది పడతారో లెక్క గీసి చూపిస్తాం. సహాయ శిబిరాలకు అంతర్జాతీయంగా వాడే కొలత మనిషికి 3.5 చదరపు మీటర్లు. 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు హాలుకు అది 57 మంది. ఒక్క రాత్రి కూర్చుని గడపడానికి దానికి మూడింతల మంది సర్దుకోవచ్చు, రెండో రోజుకు అదే హాలులో గొడవలు మొదలవుతాయి. కాబట్టి మెరక మీద గట్టి డాబాలున్న ఇళ్ల యజమానులను ముందే అడిగి, ఒక్కో డాబాకు నాలుగైదు కుటుంబాలను కేటాయించడం మంచిది. మరుగుదొడ్లు కనీసం 50 మందికి ఒకటి. రెండే ఉన్నచోట టార్పాలిన్ గదులు, బకెట్లు, సున్నం సిద్ధంగా పెట్టుకోవాలి. జనరేటర్ నెలకోసారి నడపకపోతే అవసరమైన రోజు బ్యాటరీ చచ్చి ఉంటుంది. నడిపేటప్పుడు ఆరుబయటే, కిటికీలకు దూరంగా ఉంచాలి. మూసిన గదిలో దాని పొగ ప్రాణం తీస్తుంది.

మొదటి రాత్రి వంట పెట్టుకోకండి. గాలికి పొయ్యి మండదు, మండితే ఇంకా ప్రమాదం. అటుకులు, మరమరాలు, అరటిపళ్లతో సరిపెట్టి, మర్నాటి నుంచి మనిషికి రోజుకు 400 గ్రాముల బియ్యం లెక్కన వండుకోవాలి.

తాళ్లు, తేలేవి, ఊపిరి

ఇప్పుడు కుర్రాళ్లు ఎదురుచూసే భాగం. కేంద్ర ప్రభుత్వ ఆపద మిత్ర పథకంలో 12 రోజుల శిక్షణ పొందినవాళ్లు ఊళ్లో ఉంటే ఈ పూట వాళ్లకే అప్పగిస్తాం. ముడులు మాత్రం మత్స్యకారుల చేత నేర్పిస్తాం. వాళ్ల కంటే బాగా ముడి వేసే శిక్షకుణ్ని నేను చూడలేదు.

మొదటి సూత్రం నీళ్లలో దిగకపోవడం. చేతికర్ర అందించు, కుదరకపోతే తాడు విసురు, కుదరకపోతే పడవ. దూకడం ఆఖరుది, అదీ తేలేది పట్టుకుని, నడుముకు తాడు కట్టుకుని. విసిరే తాడు 15 మీటర్లు, పాలీప్రొపిలీన్‌ది. నైలాన్ తాడు నీటిలో మునుగుతుంది, మునిగినవాడికి కనబడదు. చివర ఒక ప్లాస్టిక్ సీసాలో పావు వంతు నీళ్లు పోసి కట్టాలి. ఖాళీ సీసా గాలికి వెనక్కి వస్తుంది, నిండు సీసా తల పగలగొడుతుంది.

చొక్కా లోపల పెట్టుకుని గుడ్డతో బిగించిన రెండు లీటర్ల ఖాళీ సీసాలు ఐదారు ఉంటే పది కిలోలకు పైగా తేలే బలం వస్తుంది, పెద్ద మనిషి తల నీటిపైన ఉంచడానికి చాలు. 20 లీటర్ల క్యాను ఇంకా మేలు. మూతలు బిగుతుగా ఉన్నాయో లేదో నీటిలో ముంచి, బుడగలు వస్తున్నాయేమో చూడాలి. ఇవన్నీ నిదానంగా ఉన్న నీటిలోనే. ఉప్పెనలో సీసాల మీద నమ్మకం పెట్టుకోవడం ఆత్మహత్యే.

మునిగినవాడిని తలకిందులుగా వేలాడదీయడం, భుజాన వేసుకుని తిప్పడం, పొట్ట నొక్కడం మాన్పించడానికే ఎక్కువసేపు పడుతుంది. ఊపిరి లేకపోతే ముందు నోటి ద్వారా రెండు శ్వాసలు, ఆ తర్వాత ఛాతీ మధ్యలో 30 నొక్కులు, 5 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 వేగం, మళ్లీ 2 శ్వాసలు. శిక్షణకు వాడే మనిషి బొమ్మ లేకపోతే గట్టి దిండు మీద సాధన చేయించవచ్చు. రెండు నిమిషాలకు చేయి అలసిపోతుంది, కాబట్టి ఇద్దరేసి మారుతూ చేయాలి. పాము కాటుకు కట్టు బిగించడం, కోయడం వద్దు. కరిచిన చెయ్యినో కాలినో బద్దకట్టి కదలకుండా ఉంచి, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. అది ఏ ఆసుపత్రిలో ఉందో ముందే కనుక్కుని జాబితా వెనక రాసుకోవాలి.

మాక్ డ్రిల్

ఒకటి పగలు, ఒకటి చీకటి పడ్డాక. రెండోదే అసలు పరీక్ష. పోలీసులకు, పక్క ఊళ్లకు చెప్పకుండా రాత్రిపూట సైరన్ మోగిస్తే నిజమనుకుని జనం రోడ్డెక్కుతారు, కాబట్టి ముందు చెప్పి తీరాలి. కొలవాల్సినవి రెండే: కబురు చివరి ఇంటికి చేరడానికి ఎంతసేపు, షెల్టరులో తలలు లెక్కపెట్టి జాబితాతో సరిపోల్చడానికి ఎంతసేపు. రెండోది ఎప్పుడూ ఆలస్యమే. తలుపు దగ్గర ఒక్కరే రాస్తుంటే జనం పక్కనుంచి లోపలికి పోతారు. వాడకో రంగు చీటీ, వాడకో మనిషి పెడితే లెక్క తేలుతుంది.

మంచాన్ని సందులో మలుపు తిప్పలేరు, ఇది ప్రతి డ్రిల్లులోనూ బయటపడుతుంది. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీకి రెండు పక్కలా, చేతుల కింద, రెండున్నర మీటర్ల వెదురు బొంగులు కట్టి, మనిషిని గుడ్డతో ఛాతీ దగ్గర బిగిస్తే నలుగురు మోసుకెళ్లగలరు. కుర్చీ పాతదైతే కాళ్లు విరుగుతాయి, బరువున్న మనిషిని కూర్చోబెట్టి ముందే చూసుకోవాలి.

పట్నం వాడల్లో

2024 సెప్టెంబరు 1న బుడమేరు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ వైపు మునిగినప్పుడు చాలా కుటుంబాలు రోజుల తరబడి పై అంతస్తుల్లో చిక్కుకున్నాయి, కొన్నిచోట్లకు డ్రోన్లతో ఆహారం అందించాల్సి వచ్చింది. తుఫానుకు మూడు రోజుల హెచ్చరిక ఉంటుంది, వాగు పొంగుకు గంటలే. అందుకని పట్నం వాడల్లో తరలింపు కంటే పైకెక్కడం మీద శిక్షణ ఇస్తాం. కింది అంతస్తు కుటుంబం పై అంతస్తులో ఎవరింటికి వెళ్తుందో ముందే ఒప్పందం కావాలి. అద్దెకుంటున్నవాళ్లకు యజమాని ఫోన్ నంబరు తెలుసు, ఎదురింటివాళ్ల పేరు తెలియదు, ఇక్కడ పని అక్కడి నుంచి మొదలుపెట్టాలి. మేడ మీది ట్యాంకు నీళ్లు ఐదారు రోజులు రావాలంటే మొదటి గంటలోనే స్నానాలు, బట్టలు ఉతకడం ఆపేయాలి. సంపులోకి మురుగు చేరిందనుకుంటే మోటారు వేయకూడదు, వేస్తే మంచినీళ్లున్న పై ట్యాంకు కూడా పాడవుతుంది. లిఫ్టును పై అంతస్తులో ఆపి కరెంటు తీసేయాలి. మేడ మీద తెల్ల దుప్పటి పరిచి లోపల ఎందరున్నారో బొగ్గుతో రాస్తే పైనుంచి చూసేవాళ్లకు పనికొస్తుంది.

నీళ్లు తీశాక

తెగిన తీగ ఏదైనా కరెంటు ఉన్నట్టే లెక్క. లైన్‌మన్ వచ్చి చెప్పేదాకా ఆ వీధికి తాడు కట్టి అడ్డం పెట్టాలి. ఇంట్లోకి మొదట అడుగుపెట్టేవాళ్లు కర్రతో తట్టుకుంటూ వెళ్లాలి, పాములు పొడి చోటు వెతుక్కుని అటక మీదా బియ్యం డబ్బాల వెనకా ఉంటాయి. శుభ్రం చేయకముందే నష్టం ఫోటోలు తీసుకోవాలి. నష్టం లెక్క రాసే ఎన్యూమరేషన్‌కు అధికారులు వచ్చేసరికి కడిగేసిన ఇల్లు మునగని ఇల్లులాగే కనబడుతుంది.

విరేచనాలు మొదలైతే లీటరు కాచిన నీటిలో 6 సమ చెంచాల పంచదార, అర సమ చెంచా ఉప్పు కలిపి తాగించడం. చెంచా అంటే టీ చెంచా, కొసరు లేకుండా. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం.

బావులకు బ్లీచింగ్ పౌడరు అందాజుగా గుప్పెడు చల్లేస్తారు. లెక్క ఉంది. బావి అడ్డు కొలత మీటర్లలో తీసి, దాన్ని దానితోనే గుణించి, నీటి లోతుతో గుణించి, 785తో గుణిస్తే లీటర్లు వస్తాయి. అడ్డం 2 మీటర్లు, నీళ్లు 4 మీటర్లు అయితే 12,560 లీటర్లు. మామూలు రోజుల్లో 1,000 లీటర్లకు 2.5 గ్రాములు, అంటే 31 గ్రాములు. వరద నీళ్లు చేరిన బావికి ముందు వీలైనంత తోడేసి, కొత్తగా ఊరిన నీటికి దీనికి రెట్టింపుతో మొదలుపెడతాం. పౌడరును బకెట్లో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, పది నిమిషాలు తేరనిచ్చి, పైతేట మాత్రమే మరో బకెట్లోకి వంచుకుని బావిలో దించి పైకీ కిందికీ ఆడించాలి. అడుగున మిగిలిన సున్నం బావిలో వేయకూడదు. గంట ఆగి క్లోరోస్కోపుతో (నీటిలో క్లోరిన్ ఎంతుందో రంగును బట్టి చూపే చిన్న పరికరం) చూస్తే లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. లేకపోతే మళ్లీ వేయాలి. వేసినా రంగు తేలకపోతే పౌడరు పాతబడిందన్నమాట, విప్పి ఉంచిన బస్తాలోది తేమకు సత్తువ పోతుంది, కొత్త బస్తా తెప్పించాలి. మొదటి వారం ఈ పరీక్ష రోజూ తెల్లారకముందే, జనం తోడుకోవడం మొదలుపెట్టకముందే చేయాలి.